ప్రకృతిలో లేని ప్రొటీన్, దాని స్ఫటిక నిర్మాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో చేరిన పాత విద్యార్థులు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలివి. వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎక్కువ ప్రశ్నలు ఒకే ప్రొటీన్ చుట్టూ తిరుగుతాయి. అది ఏ జీవిలోనూ పుట్టలేదు, ప్రయోగశాలలో పుట్టింది. కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే ఏటీపీ అనే చిన్న అణువును పట్టుకుంటుంది. 2004లో దాని స్ఫటిక నిర్మాణం వెలువడ్డాక, ఆ పట్టు ఎలా ఉందో పరమాణువుల స్థాయిలో చూడగలిగాం. ఇక్కడ "చూడటం" అంటే ఏమిటి, ఆ చూసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మన పిల్లలకు సరిగ్గా తెలియాలని నా కోరిక. అందుకే ఆ రెండు చోట్లా కాస్త ఎక్కువసేపు ఆగాను.

అసలు ఇది ఏటి మాస్టారూ? జిమ్‌కెళ్లే కుర్రాళ్లు తాగే ప్రొటీన్ పౌడరులాంటిదా?

కాదు బాబూ. డబ్బాలో వచ్చే పౌడరు పాల నుంచో సోయా నుంచో తీసింది. ఆవు, మొక్క తమ జన్యువుల ప్రకారం చేసుకున్న ప్రొటీన్లే అందులో ఉంటాయి. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలు ఒక వరుసలో కలిసిన గొలుసు. ఆ వరుసను బట్టి గొలుసు ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టి పని చేస్తుంది. మనం మాట్లాడుకునే ప్రొటీన్‌లో కృత్రిమమైనది ఆ వరుస. దాన్ని ఏ జీవి నుంచీ తీసుకోలేదు. అమైనో ఆమ్లాలు మాత్రం మన ఒంట్లో ఉన్నవే, వాటిని కలిపే బంధం కూడా అదే.

ఇలాంటి ప్రొటీన్ చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, లెక్కలేనన్ని గొలుసులు తయారుచేసి పనికొచ్చేదాన్ని ఏరుకోవడం. రెండోది, కావలసిన ఆకారాన్ని కంప్యూటర్‌లో ముందే గీసుకుని దానికి తగిన వరుస రాయడం. ఏటీపీని పట్టుకునే ప్రొటీన్ మొదటి దారిలో వచ్చింది.

ఎలా ఏరారు? ఎన్నింటిలోంచి?

2001లో ఆంథొనీ కీఫ్, జాక్ షోస్టాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో చేసిన పని ఇది. షోస్టాక్‌కు 2009లో నోబెల్ వచ్చింది. అది క్రోమోజోముల చివర్ల మీద చేసిన వేరే పనికి.

ఒక్కో గొలుసులో 80 స్థానాలు. ఏ స్థానంలో ఏ అమైనో ఆమ్లం రావాలన్న నియమం లేదు, ఏదైనా రావచ్చు. అలా లెక్కేస్తే సాధ్యమైన వరుసలు 1 పక్కన 104 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఒక్కోటి ఒక్కసారి చేద్దామన్నా విశ్వంలో ఉన్న పదార్థమంతా చాలదు. వాళ్లు చేసింది అందులో అతి చిన్న భాగం, దాదాపు 6 లక్షల కోట్ల గొలుసులు. ఒక ప్రయోగశాలకు అది చాలా పెద్ద సంఖ్యే.

ఇన్ని గొలుసుల్లో ఒకటి ఏటీపీని పట్టుకుందనుకుందాం. దాని వరుస ఏమిటో మనకెలా తెలుస్తుంది? ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ చిక్కును విప్పిన తీరే. ప్యూరోమైసిన్ అనే యాంటీబయాటిక్ అణువు సాయంతో ప్రతి ప్రొటీన్‌నూ, దాన్ని తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏకే అతుక్కుని ఉండేలా చేశారు. గొలుసు దొరికితే దాని వరుసను చెప్పే ఆర్‌ఎన్‌ఏ కూడా దొరికినట్టే. ఏటీపీ అతికించిన పూసల మీదుగా ఈ మిశ్రమాన్ని పంపి, పట్టుకోని వాటిని కడిగేసి, పట్టుకున్న వాటి ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, పెంచి, మళ్లీ ప్రొటీన్ చేయించారు. ఇలా కొన్ని విడతలు గడిచేసరికి ఏటీపీని పట్టుకునే నాలుగు కుటుంబాలు మిగిలాయి. తర్వాత కావాలని చిన్న చిన్న మార్పులు చొప్పించి మరికొన్ని విడతలు నడిపారు. 18వ విడతలో వచ్చిన ఒక ప్రొటీన్‌కు 18-19 అని పేరు పెట్టారు. మన కథానాయకుడు అదే.

మొదట్లో ఎలాంటి ఎంపికా జరగని గుంపులో దాదాపు పదివేల కోట్ల గొలుసులకు ఒకటి చొప్పున ఏటీపీని పట్టుకోగలిగేవి ఉన్నాయని వాళ్ల అంచనా. అరుదే. కానీ అసాధ్యం అనుకున్నంత అరుదు కాదు.

చిన్న అణువు అంటే ఎంత చిన్నది?

అణుభారంతో చూస్తే సులువుగా తెలుస్తుంది. పారాసిటమాల్ 151, గ్లూకోజ్ 180, ఏటీపీ 507. 80 అమైనో ఆమ్లాల ప్రొటీన్ అయితే సుమారు 9,000. మన రక్తంలోని హీమోగ్లోబిన్ 64,000 పైనే. సాధారణంగా వెయ్యి లోపు ఉన్నవాటిని చిన్న అణువులంటారు. మనం మింగే మాత్రల్లో ఎక్కువ భాగం ఇవే.

అన్ని అణువులుండగా ఏటీపీనే ఎందుకు ఎంచుకున్నారు?

ప్రతి జీవకణమూ పని చేయడానికి ఖర్చుపెట్టే అణువు అది. కండరం ముడుచుకోవాలన్నా, నరం సంకేతం పంపాలన్నా, కొత్త ప్రొటీన్ కట్టాలన్నా ఏటీపీలోని ఫాస్ఫేట్ ఒకటి విడిపోవాలి, అప్పుడది ఏడీపీ అవుతుంది. ప్రకృతిలో ఏటీపీని పట్టుకునే ప్రొటీన్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ప్రయోగశాలలో పుట్టిన ప్రొటీన్ అదే పనిని ఎలా చేస్తుందో వాటితో పోల్చి చూడొచ్చు.

మన పిల్లలకు ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్తాను. ఏటీపీని కనుగొన్నవాళ్లలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ కండరాల్లో ఈ అణువును గుర్తించారు. 1929లో అది లోకానికి తెలిసింది. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఇచ్చే బోదకాలు మాత్ర, డీఈసీ, కూడా సుబ్బారావు గారు నడిపిన లెడర్లే ప్రయోగశాలలోనే మందుగా మారింది. మనలో చాలామంది ఆ మాత్ర మింగి ఉంటారు, ఆయన పేరు మాత్రం విని ఉండరు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పట్టుకుంటోందని తెలిశాక ఇంకా స్ఫటికం దేనికి?

పట్టుకుంటోందని తెలియడం వేరు, ఎలా పట్టుకుంటోందో తెలియడం వేరు. గొలుసులో ఏ భాగం ఏటీపీని తాకుతోంది? ప్రకృతిలోని ఏదో ఒక ఆకారానికే ఇది మళ్లీ చేరిందా, లేక కొత్త ఆకారమా? దీన్ని మెరుగుపరచాలంటే ఎక్కడ మార్చాలి? వీటికి జవాబు ఆకారంలోనే ఉంది.

సూక్ష్మదర్శినిలో అది కనిపించదు. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 4,000 నుంచి 7,000 ఆంగ్‌స్ట్రామ్‌లు. మిల్లీమీటరును కోటి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆంగ్‌స్ట్రామ్. ప్రొటీన్‌లో రెండు కార్బన్ పరమాణువుల మధ్య దూరం ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. అందుకే ఒక ఆంగ్‌స్ట్రామ్ దరిదాపుల తరంగదైర్ఘ్యం ఉండే ఎక్స్-కిరణాలు వాడతారు. ఒక్క ప్రొటీన్ అణువు చెదరగొట్టే కిరణాలు మరీ తక్కువ. అదే కోట్ల కోట్ల అణువులు ఒకే తీరుగా బారులు తీరి నిలిస్తే, అవన్నీ చెదరగొట్టిన కిరణాలు కొన్ని దిక్కుల్లో ఒకదాన్నొకటి బలపరచుకుని చుక్కలుగా పడతాయి. ఆ బారులే స్ఫటికం.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. రాత్రిపూట దూరంగా ఒక్క వీధిదీపం వెలుగుతుంటే, సన్ననేత బట్టను కంటి ముందు బిగించి దానిలోంచి చూడండి. పొందూరు సన్న ఖద్దరైనా సరే, చేతిరుమాలైనా సరే. దీపం చుట్టూ అడ్డంగా, నిలువుగా చిన్న వెలుగు చుక్కలు కనిపిస్తాయి. నేత ఎంత క్రమంగా ఉంటే చుక్కలు అంత స్పష్టంగా ఉంటాయి. పోగులు దగ్గరగా ఉన్న బట్టలో చుక్కలు దూరం జరుగుతాయి. స్ఫటికంతో జరిగేదీ ఇదే భౌతికశాస్త్రం. బట్ట పోగుల బదులు అక్కడ అణువుల వరుసలు, వీధిదీపం బదులు ఎక్స్-కిరణాలు.

మాస్టారూ, మేము కంపెనీలో రోజూ క్రిస్టలైజేషన్ చేస్తూనే ఉంటాం. అంత కష్టమేముంది అందులో?

పైడిభీమవరంలో ప్రొడక్షన్‌లో ఉన్నవాళ్లు దీన్ని అందరికంటే తొందరగా అర్థం చేసుకుంటారు. సూపర్‌సాచురేషన్, సీడింగ్, యాంటీ సాల్వెంట్ ఇవన్నీ ఇక్కడా ఉన్నాయి. తేడా అణువులోనే ఉంది.

మందు అణువు చిన్నది, గట్టిది, రియాక్టరులో చల్లబరిస్తే కిలోల కొద్దీ స్ఫటికం దిగుతుంది. ప్రొటీన్ పెద్దది, మెత్తనిది, కొన్ని భాగాలు కదులుతూనే ఉంటాయి. పక్క అణువును తాకే చోట్లు తక్కువ. అందుకే ప్రొటీన్ స్ఫటికంలో దాదాపు సగం నీళ్లే ఉంటాయి, ఒక్కోసారి 30 శాతం, ఒక్కోసారి 70 శాతం. మీరు స్ఫటికాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి డ్రయ్యరులో ఆరబెడతారు. దీన్ని ఆరబెడితే వరుసలు కూలిపోయి పనికిరాకుండా పోతుంది. మైక్రోలీటరు ప్రొటీన్ చుక్కకు అంతే అమ్మోనియం సల్ఫేట్ ద్రావణమో, పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణమో కలిపి, గాజు పలక అడుగున వేలాడదీసి మూత బిగిస్తారు. కింద ఉన్న చిక్కటి ద్రావణంలోకి చుక్కలోని నీరు ఆవిరి రూపంలో మెల్లగా వెళ్లిపోతుంది. ప్రొటీన్ చిక్కబడుతుంది. వందల రకాల మిశ్రమాలు పెడితే ఒకటీ అరా స్ఫటికం ఇస్తాయి, అసలు ఇవ్వకపోవచ్చు కూడా.

వచ్చినా అది ఉప్పు కావచ్చు. నౌపడ ఉప్పుమడులు చూస్తూ పెరిగిన మనకు ఉప్పు గడ్డకట్టడం వింత కాదు గానీ, వారాలు ఎదురుచూసి సూక్ష్మదర్శినిలో మెరిసే అంచులు చూసి సంబరపడ్డాక అది ఉప్పని తేలితే ఆ బాధ వేరు. సూదితో మెల్లగా నొక్కి చూస్తారు. ఉప్పు కరకరమని గట్టిగా విరుగుతుంది, ప్రొటీన్ మెత్తగా చిదురైపోతుంది. నీలిరంగు వేసినా తెలుస్తుంది. ప్రొటీన్ స్ఫటికంలో నీటి దారులు ఉంటాయి కాబట్టి రంగు లోపలికి ఇంకుతుంది. ఉప్పులోకి ఇంకదు.

18-19 విషయంలో మరో ఇబ్బంది, అది నీళ్లలో సరిగ్గా నిలిచేది కాదు. షోస్టాక్, జాన్ చాపుట్‌లు దాన్ని మళ్లీ ఎంపికకు పెట్టి గట్టిపడే మార్పులు వెతికారు. ఉపరితలం మీది రెండు అమైనో ఆమ్లాలు మారితే చాలు, నీటిలో కరగడం, వేడిని తట్టుకోవడం, ఏటీపీని పట్టుకోవడం అన్నీ బాగా పెరిగాయి. లోపలి భాగమే ఆకారాన్ని నిలబెడుతుందని చాలామంది అనుకునే రోజుల్లో పైపొర కూడా అంత ముఖ్యమని తేలింది. ఆ మెరుగైన రూపం నిర్మాణం 2007లో వచ్చింది.

చుక్కల ఫొటోలోంచి ఆకారం ఎలా వస్తుంది?

ఈ రంగంలో అసలు తలనొప్పి ఇదే. డిటెక్టరు ప్రతి చుక్కా ఎంత ప్రకాశంగా ఉందో చెప్తుంది. ఆ తరంగం ఏ దశలో వచ్చిందో, అంటే దాని శిఖరం ముందుందా వెనకుందా అన్నది చెప్పదు. రెండూ తెలిస్తేనే ఫోరియర్ గణితంతో ఎలక్ట్రాన్ల సాంద్రత పటం, అంటే స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూపే పటం, గీయగలం. డిగ్రీలో ఫోరియర్ శ్రేణులు ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు నేను దీన్నే చూపిస్తాను.

ఇప్పటికే తెలిసిన, పోలికలున్న ప్రొటీన్ ఉంటే దాని నమూనా పెట్టి దశలు ఊహించి మొదలుపెట్టొచ్చు. ప్రకృతిలో పోలికే లేని ప్రొటీన్‌కు ఆ సౌకర్యం ఉండదు. అప్పుడు బరువైన పరమాణువుల మీద ఆధారపడాలి. మాక్స్ పెరుట్జ్ హీమోగ్లోబిన్‌కు పాదరసం అతికించి ఈ చిక్కు విప్పాడు. 1962లో ఆయనకు, మయోగ్లోబిన్ నిర్మాణం చూపిన జాన్ కెండ్రూకు నోబెల్ ఇచ్చారు. లోహపు పరమాణువు ప్రొటీన్‌లో ముందే ఉంటే, ఎక్స్-కిరణాల శక్తిని ఆ లోహానికి తగ్గట్టు సరిచేసి, వచ్చే చిన్న తేడాల నుంచి దశలు రాబట్టే పద్ధతి కూడా ఉంది.

సరే, చివరికి ఏం కనిపించింది?

2004లో పావొలా లో సుర్డో, మార్టిన్ వాల్ష్, మౌరిత్సియో సొల్లాజో ఈ నిర్మాణాన్ని ప్రచురించారు. ఇష్టమొచ్చినట్టు రాసిన వరుస కదా, ఏదో వదులుగా ఉన్న ముద్ద ఏటీపీని అతుక్కుంటోందని ఎవరైనా అనుకోవచ్చు. అలా లేదు. ఆల్ఫా హెలిక్స్‌లు (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు), బీటా తంతువులు (చాచుకుని పక్కపక్కన చేరిన భాగాలు) చక్కగా కుదురుకున్న ఆకారం ఉంది. ప్రకృతి ప్రొటీన్‌లలో కనిపించే పొందికే ఇక్కడా ఉంది. అయితే ఆ మడత తీరు కొత్తది. నడుమ ఒక జింకు పరమాణువు, దాన్ని సిస్టీన్ అనే, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు నాలుగు, నాలుగు వైపుల నుంచి పట్టుకుని ఉన్నాయి. పక్కన ఏడీపీ తన చోటులో కూర్చుని ఉంది.

ఆ జింకు సంగతి ఆలోచించండి. ఎంపిక జరిగింది ఏటీపీని పట్టుకోవడం మీద మాత్రమే. జింకును పట్టుకోవాలని ఎవరూ షరతు పెట్టలేదు. ఇంత చిన్న గొలుసు నిలకడగా ముడుచుకోవాలంటే నడుమ ఏదో ఒకటి బిగించి పట్టాలి, ఆ పనికి జింకు కుదిరింది. ప్రకృతిలోని ఎన్నో చిన్న ప్రొటీన్లు కూడా ఇదే ఉపాయం వాడతాయి. రెండు వేర్వేరు దారుల్లో బయల్దేరినవి ఒకే ఉపాయానికి చేరాయంటే, అది రసాయనశాస్త్రమే సూచించే దారి అని నేను నమ్ముతాను.

పట్టుకోవడమే కాదు, ఏటీపీని విరగ్గొడుతుందట కదా?

అవును. చాపుట్ బృందం 2009లో చూపించింది. ఏటీపీ సమృద్ధిగా పెట్టి స్ఫటికాలు పెంచారు. 1.8 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో వచ్చిన పటంలో ఏటీపీ, ఏడీపీ రెండూ కనిపించాయి. ఏటీపీ మామూలుగా ఉండేలా చాచుకుని లేదు, వంగి ఉంది. ఆ వంపు వల్ల, లోహానికి అంటుకున్న ఒక నీటి అణువు ఫాస్ఫేట్ మీద దాడి చేయడానికి సరైన చోట నిలిచింది.

పట్టుకోవడానికి మాత్రమే ఎంపికైన ప్రొటీన్ చిన్నపాటి ఎంజైములా, అంటే రసాయన చర్యను జరిపించే ప్రొటీన్‌లా, ప్రవర్తించింది. తొలి జీవంలో ఎంజైములు ఎలా మొదలై ఉంటాయన్న ప్రశ్నకు ఇది ఒక సూచన. జవాబు దొరికేసిందని మాత్రం నేను చెప్పను. స్ఫటికం లేకపోతే ఆ నీటి అణువు ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు.

దీన్ని బతికున్న కణంలో పెడితే?

ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి చూశారు. కణాల్లో ఏటీపీ లెక్క తారుమారైంది, అవి విడిపోకుండా దారాల్లా పొడుగ్గా సాగాయి. జీవపరిణామంతో ఏ సంబంధమూ లేని ప్రొటీన్ కూడా కణాన్ని కలవరపెట్టగలదు. జాగ్రత్త అవసరమనడానికి ఇదే కారణం.

దేవుడు చేయనిదాన్ని మనిషి చేశాడంటారా?

ఒక విద్యార్థి నాన్నగారు ఎంతో మర్యాదగా అడిగిన ప్రశ్న ఇది. అంతే గౌరవంతో చెప్తాను. మనిషి ఇక్కడ కొత్త పదార్థం సృష్టించలేదు. అమైనో ఆమ్లాలు పాతవి, వాటిని కలిపిన రైబోజోములు జీవకణాల నుంచి తీసుకున్నవి, ముడుచుకునే నియమాలూ పాతవే. మనిషి చేసింది ఏరడం. విశ్వాసం సంగతి ఎవరికి వారు చూసుకోవాలి. ఈ ప్రయోగం దాని మీద తీర్పు చెప్పదు.

స్ఫటిక నిర్మాణం అంటే ఇక నూటికి నూరు శాతం నిజమేనా?

ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలి. గొలుసు దారిని రిబ్బనులా గీసిన రంగురంగుల బొమ్మ చూసి అదే ఫొటో అనుకుంటాం. అది ఫొటో కాదు. ప్రయోగం ఇచ్చేది ఎలక్ట్రాన్ల సాంద్రత పటం. దానిలో గొలుసును అమర్చేది మనిషి, కంప్యూటర్ సాయంతో. కాబట్టి అమరికను పరీక్షించాలి.

మొదట స్పష్టత చూడండి. సంఖ్య తగ్గేకొద్దీ వివరం పెరుగుతుంది. 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర నీటి అణువులను కూడా నమ్మకంగా గుర్తించొచ్చు. 3 దాటితే గొలుసు దారి తెలుస్తుంది, పక్క భాగాలు మసకబారతాయి, చిన్న అణువు ఏ వైపు తిరిగి ఉందో చెప్పడం కష్టమవుతుంది.

రెండోది, ఆర్-ఫ్రీ. చుక్కల్లో 5 నుంచి 10 శాతం వరకు ముందే పక్కన పెట్టేస్తారు. నమూనాను సరిచేసేటప్పుడు వాటిని ముట్టుకోరు. చివర్లో ఆ పక్కన పెట్టిన వాటిని నమూనా ఎంత బాగా ఊహించగలిగిందో చూస్తారు. అక్సెల్ బ్రుంగర్ 1992లో ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. తెలిసిన చుక్కలకు బాగా కుదిరి, పక్కన పెట్టినవాటికి కుదరకపోతే, నమూనాను బలవంతంగా అతికించారని అర్థం.

మూడోది మన దేశం ఇచ్చింది. జీ.ఎన్. రామచంద్రన్ మద్రాసులో తన సహచరులతో కలిసి 1963లో ప్రచురించిన పటం. ప్రొటీన్ గొలుసు ప్రతి మలుపులో ఏ కోణాలు తిరగగలదో, ఏవి తిరిగితే పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయో అది చెప్తుంది. ఇవాళ ప్రపంచంలో ఎవరు ప్రొటీన్ నిర్మాణం జమచేసినా రామచంద్రన్ పటంతో సరిచూస్తారు. ఏ జీవిలోనూ పుట్టని ఈ ప్రొటీన్ కూడా ఆ హద్దులకు లోబడాల్సిందే, ఎందుకంటే అవి పరమాణువుల పరిమాణం నుంచి వచ్చిన హద్దులు.

ఇక చిన్న అణువు దగ్గర మరింత పట్టింపు కావాలి. అక్కడ ఏడీపీ ఉందని ఆశించి చూసేవాడికి, మసకగా ఉన్న ఏ ముద్దైనా ఏడీపీలాగే కనిపించే ప్రమాదం ఉంది. అందుకని ఏడీపీని లెక్కలోంచి పూర్తిగా తీసేసి పటం మళ్లీ గీస్తారు. అప్పుడు కూడా ఆ చోట దాని ఆకారంలోనే సాంద్రత నిలిస్తే అది నిజంగా అక్కడుంది. పరిశోధనా వ్యాసం చదివేటప్పుడు ఈ పటం ఇచ్చారో లేదో నా విద్యార్థులు ముందు చూడాలని నా పట్టుదల.

ఇన్నీ సరిపోయినా స్ఫటికం కొన్ని చెప్పలేదు. దాన్ని సాధారణంగా మైనస్ 173 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి చూస్తారు. ఒంటి వేడి దగ్గర అణువు ఎలా కదులుతుందో అందులో తెలియదు. ఎంత గట్టిగా పట్టుకుందో కూడా తెలియదు, దాన్ని ద్రావణంలో విడిగా కొలవాలి.

ఇప్పుడు కంప్యూటరే అన్నీ చెప్పేస్తోందిగా, ఇంకా స్ఫటికాలెందుకు?

నిజంగానే చాలా మారింది. 2003లో డేవిడ్ బేకర్ బృందం టాప్7 అనే 93 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌ను కంప్యూటర్‌లో గీసి తయారుచేసింది. స్ఫటిక నిర్మాణం తీస్తే గీసినదానికి దాదాపు సరిపోయింది. దానికి ఆకారం ఉంది గానీ, పని లేదు. 2013లో ఆ బృందమే గుండె మందు డిగాక్సిన్‌కు దగ్గరి అణువైన డిగాక్సిజెనిన్‌ను పట్టుకునే ప్రొటీన్ చూపించింది. ప్రకృతి ప్రొటీన్ చట్రంలో కొత్త గుంట తొలిచి, తర్వాత మెరుగుపరిస్తే పట్టు పికోమోలార్ స్థాయికి, అంటే చాలా గట్టి పట్టుకు, వెళ్లింది. 2020లో నికొలస్ పొలిజ్జి, విలియం డిగ్రాడో మొదటి నుంచీ కొత్తగా రాసిన నాలుగు హెలిక్స్‌ల ప్రొటీన్‌తో, రక్తం గడ్డకట్టకుండా వాడే అపిక్సాబాన్ మందును పట్టించారు. 2024 రసాయన నోబెల్‌లో సగం బేకర్‌కు ప్రొటీన్ రూపకల్పనకు, మిగతా సగం, వరుసను బట్టి ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది.

కానీ గమనించండి, ఈ ప్రతి ఒక్కదాన్నీ నమ్మింది స్ఫటికం తీసి పోల్చాకే. చిన్న అణువు పట్టులో ఒక్క ఆంగ్‌స్ట్రామ్ పక్కకు జరిగితే హైడ్రోజన్ బంధం పోతుంది. పైగా ఆల్ఫాఫోల్డ్‌లాంటివి బంధు ప్రొటీన్‌ల వరుసలు పోల్చి చాలా నేర్చుకుంటాయి. 18-19 లాంటి వాటికి బంధువులే లేరు. కంప్యూటర్ ఊహిస్తుంది, మంచిదే. ఆ ఊహ నిలిచిందో లేదో ప్రయోగమే తేల్చాలి.

మాది కవిటి దగ్గర. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇలాంటివి ఏమైనా పనికొస్తాయా మాస్టారూ?

అమ్మా, ఈ ప్రశ్నకు ఆశ పెట్టే జవాబు ఇవ్వడం సులువు, కానీ తప్పు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎన్నో ఇళ్లను కుంగదీసిన ఈ జబ్బుకు ఇదీ కారణమని ఇంకా తేలలేదు. కృత్రిమ ప్రొటీన్‌తో దానికి మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే నమ్మకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవడం, డాక్టరు చెప్పిన మందులు మానకపోవడం, నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకపోవడం ఇవే ఇవాళ చేయదగినవి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

ఎప్పటికైనా పనికొస్తే అది కొలిచే వైపు నుంచి రావచ్చు. చిన్న అణువును పట్టుకోగానే వెలిగే ప్రొటీన్‌ను 2018లోనే రూపొందించారు. అలాంటిదాన్ని నీటిలోనో రక్తంలోనో ఒక అణువును కొలవడానికి వాడొచ్చన్నది ఆలోచన. అందులోనూ క్రియాటినిన్ కష్టమైన లక్ష్యం. దాని అణుభారం 113 మాత్రమే. అణువు ఎంత చిన్నదైతే ప్రొటీన్ పట్టుకోవడానికి అంత తక్కువ చోట్లు దొరుకుతాయి. మన జిల్లా పిల్లలెవరైనా దీని మీద పని చేయాలని నాకు ఎంతో ఉంది.

ఈ నిర్మాణాన్ని మేము చూడొచ్చా? డబ్బు కట్టాలా?

ఒక్క రూపాయి అక్కర్లేదు, ఫోను చాలు. ప్రొటీన్ నిర్మాణాలు దాచే వెబ్‌సైట్ ప్రొటీన్ డేటా బ్యాంక్. అది 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి, అన్నీ ఉచితం. వెతికే పెట్టెలో 1యూడబ్ల్యూ1 అని, అక్షరాలు ఇంగ్లిషులో కొట్టండి. 18-19 ప్రొటీన్ వస్తుంది. మెరుగుపరిచిన రూపానికి 2పీ09. త్రీడీ బొమ్మ మీద వేలితో తిప్పండి. ముందు రిబ్బను ఆపేసి జింకును, దాని చుట్టూ ఉన్న నాలుగు గంధకం పరమాణువులను వెతకండి. తర్వాత ఏడీపీని. చదునైన ఏడెనిన్ వలయం, మధ్యలో చక్కెర, చివర రెండు ఫాస్ఫేట్లు విడివిడిగా తెలుస్తాయి. దానికి 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఏ అమైనో ఆమ్లాలున్నాయో కాగితం మీద రాసుకోండి. అదే పేజీలో స్పష్టత, ఆర్-ఫ్రీ, రామచంద్రన్ లెక్కలూ ఉంటాయి, వాటినీ చదవండి.

మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ చదువుతోంది. ఈ పనిలోకి రావాలంటే ఏం చేయాలి?

కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోటెక్నాలజీ, ఏ గ్రూపైనా పర్వాలేదు. లెక్కలంటే భయం పోగొట్టుకోవాలి, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష కొంచెం నేర్చుకోవాలి. ఎంఎస్సీకి ఐఐటీ జామ్, తర్వాత పరిశోధనకు సీఎస్ఐఆర్ నెట్ రాయాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బెంగళూరులో ఐఐఎస్‌సీ ఈ రంగంలో గట్టివి. మన దేశంలోనే ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్-కిరణాలు పుట్టించే పెద్ద యంత్రం) ఉంది, ప్రొటీన్ స్ఫటికాలకు ప్రత్యేకమైన కిరణమార్గం అక్కడ నడుస్తోంది. వేసవి సెలవుల్లో సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే ఫెలోషిప్పుకు డిగ్రీ పిల్లలు కూడా దరఖాస్తు చేయొచ్చు. ఎంపికైతే ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేయొచ్చు. ప్రకటన ఎప్పుడొస్తుందో అకాడమీ వెబ్‌సైట్‌లో గమనిస్తూ ఉండమనండి. ఏ అంశం మీద ఆసక్తి ఉందో దరఖాస్తులో ఒక పేరా రాయాలి. పైన చెప్పిన 1యూడబ్ల్యూ1ను ముందే తిప్పి చూసిన అమ్మాయికి ఆ పేరాలో ఏం రాయాలో తెలిసి ఉంటుంది.